ఇల్లు వెతికే అక్క

సంతోష్‌నగర్‌లో నేను పెరుగు తెచ్చుకునే దుకాణం ఒకటుంది. మొన్న గురువారం వెళ్తే, గల్లా దగ్గర కూర్చునే అతను గుండు చేయించుకుని కనిపించాడు. నలభైకి దగ్గరపడిన మనిషి, ఎప్పుడూ నూనె రాసి దువ్విన జుట్టుతో ఉండేవాడు.

"ఏమైంది అన్నా?" అన్నాను.

"మా మేనత్త పోయింది మేడం. పన్నెండు దినాలైంది. పండుకున్నది పండుకున్నట్టే పోయింది. మీకు చెప్పాలనుకున్న, మీ నంబర్ దొరకలే."

ఆ తర్వాత అతనేం చెప్పాడో, నేనేం అన్నానో గుర్తులేదు. పెరుగు అక్కడే మర్చిపోయి ఇంటికి వచ్చేశాను. కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. మా ఆఫీసులో, ఊరూ పేరూ చెప్పలేని పిల్లలకు అడ్రసులు వెతికిపెట్టిన ఆ మేనత్త పోతే, ఆ కబురు నాకు చెప్పడానికి నా నంబరు కూడా దొరకలేదు. ఆమె ఉంటే ఈ మాటకు పడీపడీ నవ్వేది.

ఆమె పేరు రాయను. పేపరువాళ్లు ఆఫీసుకు వచ్చిన ప్రతిసారీ ఫైళ్ల బీరువా వెనక్కు వెళ్లి నిలబడేది. అందరికీ ఆమె అక్క. పై ఆఫీసర్లకూ అక్కే, పోలీసులకూ అక్కే. ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

నేను చదువు పూర్తిచేసి, పిల్లల సంరక్షణ చూసే సర్కారు విభాగంలో సోషల్ వర్కర్‌గా చేరినప్పుడు ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. ఆయాగా వచ్చి, తర్వాత తప్పిపోయిన పిల్లల ఇళ్లు వెతికే పనికి మారింది. సైదాబాద్‌లో వాళ్లది పాడి కుటుంబం. తెల్లవారుజామున బర్రెల పని చూసుకుని, తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండేది. కళ్లజోడు దారంతో మెడకు వేలాడేది. సంచిలో సోంపు పొట్లం, చల్ల డబ్బా. చల్ల పిల్లలకు, సోంపు తనకు. ఆటోవాళ్లతో లొల్లి పెట్టుకోని రోజు లేదు. నన్ను మొదట్లో వెటకారంగా "చదువుకున్న మేడం" అని పిలిచేది.

నేను చేరిన మూడో రోజే ఆమె ఏమిటో చూశాను.

గాజుల దుకాణాల దగ్గర తప్పిపోయిన ఒక బాబును కానిస్టేబుల్ తీసుకొచ్చాడు. నాలుగేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పేరడిగితే "బాబా" అన్నాడు, ఇల్లెక్కడంటే చెయ్యి పైకి చూపించాడు. నేను పుస్తకంలో నేర్చుకున్నట్టు బొమ్మలు తెచ్చి ముందు పెట్టాను. వాడు వాటిని చూడనైనా చూడలేదు.

అక్క వచ్చి బల్ల మీద వాడికి మూరెడు దూరంలో కూర్చుంది. పిల్లల్ని ఆమె ముందుగా ముట్టుకునేది కాదు. తన చెయ్యి వెల్లకిలా బల్ల మీద పెట్టి, ఇంకెటో చూస్తూ ఉండేది. ఆ చేతిలో చెయ్యి పెట్టాలో వద్దో పిల్లలే తేల్చుకోవాలి. కాసేపటికి వాడు రెండు వేళ్లు పెట్టాడు. అప్పుడు అడిగింది.

"ఫజర్ కో ఉఠే తో ఘర్ మే క్యా ఆవాజ్ ఆతీ, బేటా?"

పొద్దున్నే లేస్తే మీ ఇంట్లో ఏం చప్పుడు వినిపిస్తుందని. నాకు ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. వాడు మాత్రం తేలిగ్గా అర్థం చేసుకున్నాడు. చిన్న పిడికిళ్లు రెండూ బిగించి, తొడల మీద ఒకటి తర్వాత ఒకటి కొట్టుకుంటూ, "ధన్, ధన్, ధన్" అన్నాడు. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా, ఎక్కడా తాళం తప్పకుండా.

అక్క లేచి చెప్పులేసుకుంది. "వరఖ్ కొట్టేటోళ్ల పిల్లగాడు. పదుండ్రి, పోదాం."

మిఠాయిల మీద అంటించే వెండి రేకు వరఖ్. తోలు పుస్తకం మధ్యలో వెండి ముక్కలు పెట్టి, గంటల తరబడి సుత్తితో కొట్టి దాన్ని పలచగా చేస్తారు. ఆ పని చేసే ఇళ్లు పాతబస్తీలో ఇప్పుడు కొన్నే మిగిలాయి. రెండో గల్లీలోనే ఒక ముసలాయన సుత్తి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. బాబును ఎత్తుకుని అక్క వైపు తల ఊపుతూ ఉండిపోయాడు.

తిరిగి వస్తుంటే అడిగాను, ఆ ప్రశ్న ఎలా తోచిందని.

"చిన్నప్పుడు ఇంటింటికి పాలు పోసిన. తలుపు కొట్టినంక తీసేదాంక నిలవడాలె గద. అప్పుడు లోపటి ఇల్లు మాట్లాడుతది. ఒకరింట్ల రోలు, ఒకరింట్ల నమాజు, ఒకరింట్ల మరాఠీల తిట్లు. పెద్దోళ్లకు అడ్రస్ అంటే కాయితం. పిల్లలకు అడ్రస్ అంటే సప్పుడు, వాసన. మీరు కాయితం అడుగుతరు, వాళ్ల తాన అది ఉండదు."

తర్వాత చాలాసార్లు చూశాను. మీ అమ్మ గరిటెను ఏమంటది అని అడిగేది. వాన వస్తే మీ ఇంట్లో ముందు ఏం తడుస్తది అని అడిగేది. జవాబు విని కళ్లు మూసుకుని సోంపు నములుతూ కూర్చునేది. తెరిచేసరికి చాలాసార్లు ఒక జిల్లా, ఒక్కోసారి ఒక వాడ కూడా తేలేది.

ఇంకొక పట్టుదల ఉండేది. పిల్లల ముందు 'రేపు' అనే మాట అననిచ్చేది కాదు. పిల్లల్ని ఎక్కడ ఉంచాలో, ఎవరికి అప్పగించాలో తేల్చే కమిటీలో ఒక పెద్దావిడ, ఏడుస్తున్న పాపతో ప్రేమగానే, "రేపు మీ అమ్మ దగ్గరికి పంపిస్తాం, ఊరుకో" అన్నారు. అక్క గుమ్మం దగ్గర నుంచే అడ్డుపడింది.

"మేడం, రేపు అనకుండ్రి. పిల్ల రాత్రంత పండుకోదు. పొద్దుగాల చెప్పులేసుకుని గేటు కాడ నిలవడ్తది. ఆడ ఉండేది నేను, మీరు కాదు."

ఆ పెద్దావిడ మంచి మనిషి. పాప వైపు తిరిగి, "ఎప్పుడో నాకు తెలియదమ్మా, తెలిసిన రోజు చెప్తాను" అన్నారు. పాప ఏడుపు ఆగలేదు. అక్క మాత్రం తృప్తిగా తల ఊపింది.

ఇదంతా ఆమె నేర్పు. ఆ నేర్పు మొదటిసారి ఓడిన రోజు కూడా చూశాను. ఆమె మీద నాకున్న గౌరవం భయభక్తులుగా మారింది ఆ రోజు నుంచే.

పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె, ఒంటరిగా రోడ్డు వెంట నడుస్తుంటే పోలీసులు మా దగ్గరికి తెచ్చారు. ఒంటి మీద దెబ్బలు లేవు, జ్వరం లేదు. రోజుకో పేరు చెప్పేది. ఊరడిగితే గోడ వైపు తిరిగేది. ఆడపిల్లల హోమ్‌లో ఉంచాం. తన పళ్లెం తనే కడుక్కునేది, చిన్నపిల్లలకు జడలు వేసేది, పాత పాఠ్యపుస్తకం ఏది దొరికినా అట్ట నుంచి అట్ట దాకా చదివేది. నాలుగు నెలలైనా ఇల్లు మాత్రం తెలియలేదు. కమిటీ అడుగుతోంది, పై ఆఫీసరు అడుగుతున్నాడు. అక్కకు అది పట్టుదలైంది.

ఒక సాయంత్రం ఎవరో పిల్లలకు వేయించిన పల్లీలు పంచారు. ఆ అమ్మాయి పక్కనున్న చిన్నదానితో, "బుడ్డలు కింద పొయ్యకు" అంది. అక్క విన్నది. పల్లీల్ని బుడ్డలనేది పాలమూరు దాటి కృష్ణ ఒడ్డు దిక్కు అని నాతో అంది. ఇంకో రోజు వాన నీళ్లలో పిల్లలు ఇత్తడి గిన్నె వదిలితే, ఆ అమ్మాయి నోరు జారి, "పుట్టి తిరిగినట్టే తిరుగుతున్నది" అంది. నది దాటించే గుండ్రటి తెప్పను పుట్టి అంటారు. అది తిరిగే రేవులు కొన్నే ఉన్నాయి.

అక్క బస్సెక్కి వెళ్లింది. ఆరు రోజులు రేవు రేవుకూ తిరిగింది. బడుల్లో, అంగన్‌వాడీల్లో ఒకటే అడిగిందట, ఆరో తరగతిలో పేరుండి బడికి రాని పిల్ల ఎవరని. ఏడో రోజు పాదాలు వాచిపోయి, మొహం వెలిగిపోతూ వచ్చింది. ఇంటి నుంచి పాలకోవా చేయించుకొచ్చి అందరికీ పంచింది. అమ్మాయి చేతిలోనూ పెట్టి, ఆమె అసలు పేరుతో పిలిచి, "మీ ఊరు చూసొచ్చిన బిడ్డా, మీ అమ్మను చూసిన" అని ఊరి పేరు చెప్పింది.

అమ్మాయి నమలడం ఆపేసింది. నోట్లోది కూడా తీసి, మిగిలిన కోవాతో కలిపి కిటికీ గట్టు మీద పెట్టింది. తర్వాత అక్క మొహంలోకి చూసింది. ఆ చూపు నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు. కోపం కాదు. దాక్కున్న చోటు కనిపెట్టి, తలుపు తీసి, బయట నిలబడ్డవాళ్లకు చూపించిన మనిషిని చూసే చూపు అది.

అక్క బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది.

"పక్కింటామె ఒక మాటన్నది చెల్లె. పిల్ల దొరికితే మంచిదే, లగ్గం ఆగిపోయిందన్నది. లగ్గం అంటే అక్కదో పెద్దమ్మ బిడ్డదో అనుకున్న. దొరికిందన్న సంబురంల ఎవరిదని అడగలే."

ఆమె నన్ను చెల్లె అనడం అదే మొదటిసారి. అక్కడే కూర్చుని ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌కు ఫోన్ చేసింది. అమ్మాయిని ఆమె సొంత మేనమామకు, ముప్పై దాటినవాడికి, ఇచ్చి పెళ్లి చేయాలని నిశ్చయించారట. పసుపు దంచే రోజు తెల్లవారకముందే అమ్మాయి ఊరు దాటింది. తండ్రి లేడు. తమ్ముడి అండ పోతుందని తల్లి భయం.

అక్క రిపోర్టు రెండు పేజీలు రాసింది, మొదటిది అడ్రస్, రెండోది ఈ పెళ్లి సంగతి. అప్పటి మా ఆఫీసరు చదివి, "అడ్రస్ దొరికింది, అది చాలు. రెండో పేజీ తీసెయ్యి, అనవసరంగా లొల్లి" అన్నాడు.

"తీసెయ్య సార్. కావాల్నంటే నన్ను తీసెయ్యుండ్రి."

ఆమెది అప్పటికింకా ఏటేటా రెన్యువల్ అయ్యే ఉద్యోగం. ఆ మాట ఉత్తగా అన్నది కాదు.

కమిటీ ముందుకు తల్లి వచ్చింది, మేనమామ వచ్చాడు, ఊరి పెద్ద ఒకాయన వచ్చాడు. ఆధార్, రేషన్ కార్డు, బడి కాగితాలు అన్నీ సక్రమం. తల్లి కూతుర్ని చూస్తూనే బావురుమంది. ఆ ఏడుపు నిజమైనది, అందులో అనుమానం లేదు. అమ్మ దగ్గరికి వెళ్తావా అని అడిగితే అమ్మాయి తలెత్తలేదు. కన్నతల్లి, సరైన కాగితాలు, మాట్లాడని పిల్ల. అప్పగింత కాగితం మీద సంతకానికి పెన్ను తీశారు.

"మేడం, నా రిపోర్టు చదివిన్రా?" అంది అక్క.

"చూశామమ్మా. అడ్రస్ సరిపోయింది కదా."

"అది మొదటి పేజీ."

రెండో పేజీ ఆమే పైకి చదివింది. కళ్లజోడు దారం కొసను వేలికి చుట్టుకుంటూ, తడబడకుండా చదివింది. మేనమామ లేచాడు.

"మేనరికం మా ఇండ్లల్ల ఉన్నదే. మా ఇంటి ముచ్చట నీకెందుకు? అసలు నువ్వెవరు?"

"నేను సర్కారు" అంది అక్క.

ఎవరూ నవ్వలేదు. అరిగిన చెప్పులు, చేతిలో చల్ల డబ్బా, ఒంట్లోంచి బర్రెల కొట్టం వాసన. అయినా ఆ గదిలో ఆ మాటను కాదనగలిగిన మనిషి లేడు.

"పిల్ల నీ చేతులకెళ్లి నా చేతులల్లకొచ్చింది. పద్దెనిమిది నిండేదాంక ఏమన్న అడగాల్నంటే నన్ను అడుగు. సర్కారుకు కండ్లు, కాళ్లు వేరేగ ఉండయి. నాయే వాడుకుంటది. నా కండ్లు చూసినయి, అందుకే చెప్తున్న."

కమిటీ అందర్నీ బయటికి పంపి అమ్మాయిని మళ్లీ అడిగింది. లోపల నేనున్నాను. అమ్మాయి ఒకే ఒక్క మాట అంది. "నేను బడికి పోత." అంతే. హోమ్ సంరక్షణలోనే ఉంచి, గురుకులంలో చేర్పించాలని, తల్లి నెలకోసారి వచ్చి చూడొచ్చని, పెళ్లి మాటెత్తితే పోలీసులకు తెలపాలని ఉత్తర్వు రాశారు.

కింద ఆవరణలో తల్లి వంగి గుప్పెడు మట్టి తీసి అక్క మీద చల్లింది. "నా బిడ్డను నాకు కాకుండ చేసినవ్. నీ కండ్లల్ల మన్ను వడ." అక్క పక్కకు జరగలేదు, దులుపుకోలేదు. ఆ తల్లి ఆటో ఎక్కేదాకా అలాగే నిలబడింది.

తర్వాత పైకి వచ్చి, వరండాలో అమ్మాయి ముందు నేల మీద కూర్చుంది. అమ్మాయి బల్ల మీద ఉంది, అక్క మొహం ఆమె మోకాళ్ల ఎత్తులో ఉంది.

"తప్పు నాది" అంది. "నీ ఇల్లు వెతకాల్నా వద్దా అని ముందుగాల నిన్ను అడగాలె. అడగలే. నా తెలివి చూసుకుని నేనే మురిసిపోయిన. ఇయ్యాల నిన్ను పంపుడు ఆగింది. ఆగకపోతే ఏం చేస్తుంటి?"

నా ఉద్యోగంలో ఎన్నో ఉత్తర్వులు చూశాను, ఎన్నో సభల్లో పిల్లల హక్కుల మీద ప్రసంగాలు విన్నాను. సర్కారు తరఫున ఒక మనిషి ఒక పిల్లకు క్షమాపణ చెప్పడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను. అమ్మాయి లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు అక్కతో మాట్లాడలేదు. అక్క ప్రతి ఆదివారం గురుకులానికి వెళ్లి, పలకరించి, జవాబు రాకపోతే కాసేపు కూర్చుని వచ్చేది. తొమ్మిదో నెల అమ్మాయి, "లెక్కల గైడు కావాలె" అందట. ఆ సాయంత్రం అక్క ఆఫీసుకు పాలకోవా తెచ్చింది. ఎందుకో నాకొక్కదానికే చెప్పింది.

అప్పటి నుంచి ఆమె పని తీరే మారింది. మాటలొచ్చిన ప్రతి పిల్లనూ మొట్టమొదట అడిగేది, "మీ ఇల్లు వెతకాల్నా, బిడ్డా?" అని. అడిగి జవాబు కోసం ఆగేది. ఒకసారి అయిదేళ్ల పాప ఆ ప్రశ్న విని ఆలోచనలో పడింది. పోలీసులు నిలబడి ఉన్నారు, ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. అక్క మాత్రం, ఊళ్లో పెద్దమనిషి మాట కోసం ఆగినట్టు ఆగింది. పావుగంట తర్వాత పాప, "వెతుకు. గని నాయిన తాగి ఉంటే రాను" అంది. అక్క ఆ మాట అలాగే, ఆ పాప మాటల్లోనే, రిపోర్టులో మొదటి వాక్యంగా రాసింది. యాభై దాటాక, చేయి తిరిగిన విద్యను పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

కృష్ణ ఒడ్డు ఊరి ఆ అమ్మాయికి ఇంటర్ అయింది. పద్దెనిమిది నిండాయి. నర్సింగ్‌లో సీటు వచ్చింది. చేరడానికి కుల ధ్రువపత్రం కావాలన్నారు, అది సొంత మండలంలోనే తీసుకోవాలి. ఒక మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి అక్క ముందు నిలబడింది.

"మా ఊరికి పోవాలె. ఒక్కదాన్ని పోను. నువ్వొస్తవా?"

అక్కకు అప్పటికి మోకాళ్ల నొప్పులు. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. నేనూ తోడు వెళ్లాను. మండలాఫీసులో పనయ్యాక, ఇంటికి వెళ్లాలా వద్దా అని మేమెవరం అడగలేదు. అమ్మాయే రోడ్డు దిగి నడిచింది. మేనమామ ఎప్పుడో ఇంకెవరినో చేసుకుని వేరే ఊళ్లో ఉంటున్నాడు. తల్లి వాకిట్లో కంది కట్టె విరుస్తోంది. మొదటి రెండేళ్లూ నెలనెలా వచ్చి చూసి వెళ్లేది, ఆ తర్వాత రావడం తగ్గిపోయింది. కూతుర్ని చూసి కట్టె కింద పడేసింది, కానీ దగ్గరకు రాలేదు. లోపలికి వెళ్లి మూడు చెంబులతో నీళ్లు తెచ్చింది.

నీళ్లు తాగాక, తల్లి అక్క వైపు తిరిగింది. "ఆ దినం నిన్ను మస్తు తిట్టిన. మన్ను చల్లిన."

"చల్లినవ్" అంది అక్క. "బిడ్డ చెయ్యిదాటిపోతుంటే తిట్టాలె గద. తిట్టకుంట పోయిన తల్లిని చూస్తేనే నాకు అనుమానం."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. అన్నం వండుతానంది. తిన్నాం. బస్సు వేళకు లేచినప్పుడు, తల్లి గడప మీద నిలబడి అడిగింది.

"మల్లెప్పుడొస్తది బిడ్డ?"

అడిగింది అక్కను. ఆరేళ్లుగా ఆ పిల్ల గురించి ఏమడగాలన్నా అడగాల్సింది ఆమెనే కదా. అక్క అమ్మాయి వైపు చెయ్యి చూపించి, చెప్పులు వేసుకుని, మోకాలు పట్టుకుంటూ మెట్లు దిగి బస్టాపు వైపు నడవసాగింది. నేనూ ఆమె వెంట నడిచాను. వెనక తల్లీకూతుళ్లు ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. నేను ఒకసారి వెనక్కు తిరగబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చూడకు చెల్లె" అంది. "అది ఇగ మన పని కాదు."